పాత తెలుగు పుస్తకం చేతికొస్తే: చదవకముందే చూడాల్సినవి, రాసుకోవాల్సినవి

అటక దులిపేటప్పుడో, ఊళ్ళో మూతబడ్డ రీడింగ్ రూం ఖాళీ చేసేటప్పుడో, పాత పేపర్ల కొట్టు ముందు కట్టలు కట్టి తూకానికి సిద్ధంగా పెట్టినప్పుడో ఒక పాత తెలుగు పుస్తకం మీ కంటబడుతుంది. చాలామంది చేసే మొదటి పని ఫోన్లో దాని పేరు కొట్టి, ఎక్కడైనా స్కాన్ ఉందేమో వెతకడం. దొరికిందా, "ఆన్‌లైన్లో ఉందిలే" అనేసి పుస్తకాన్ని పక్కన పడేస్తారు. నా గొడవంతా అక్కడే. స్కాన్లో దొరికేది ఆ రచన. మీ చేతిలో ఉన్నది ఒక ప్రతి. దీన్ని ఎవరో కొన్నారు, ఎవరో బైండు చేయించారు, ఎవరో పసుపు చేత్తో తిప్పారు, ఇంకెవరో వెనక అట్ట మీద పాల లెక్క వేసుకున్నారు. ఆ సంగతులు ఈ ఒక్క ప్రతిలోనే ఉంటాయి, ఇది పోతే అవీ పోతాయి. పైగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కాలం నాటి స్కాన్లలో అట్టలు, ఖాళీ పేజీలు, చివరి ప్రకటనలు ఎగిరిపోయినవి బోలెడు.

తెలుగు ఎం.ఏ., పీహెచ్‌డీ చేసేవాళ్ళకీ, చరిత్ర చదివేవాళ్ళకీ, ఇంట్లో తాతగారి బీరువా ఉన్నవాళ్ళకీ పనికొస్తుందని ఇది రాస్తున్నా. ఉదాహరణలు నెల్లూరు, ప్రకాశం జిల్లాలవి, ఎందుకంటే నేను ఎక్కువగా చూసిన పుస్తకాలు ఇక్కడివే. అయినా ఈ ప్రాంతానికి పుస్తకాల విషయంలో తక్కువ చరిత్రేం లేదు. తాటాకుల్లోనే ఉండిపోయిన పాత కావ్యాలను అచ్చులోకి తేవడానికి పూండ్ల రామకృష్ణయ్య గారు 'అముద్రిత గ్రంథ చింతామణి' పత్రిక మొదలుపెట్టింది నెల్లూరులోనే, 1885లో. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం మొన్న 2022 దాకా ప్రకాశం జిల్లాలోదే, ఇప్పుడు బాపట్ల జిల్లా కిందికి వెళ్ళింది.

సరంజామా

పెద్దగా ఏమీ అక్కర్లేదు. మెత్తటి పెన్సిల్, ఒక నోటుపుస్తకం, స్కేలు, ఫోను, చిన్న టార్చిలైటు, రెండు మెత్తటి తువ్వాళ్ళు. పెన్ను దగ్గర పెట్టుకోవద్దు, ఎప్పుడో ఒకప్పుడు గీత పడుతుంది. సినిమాల్లో చూపించే తెల్ల గ్లౌజులు కాగితం పుస్తకాలకి అవసరం లేదు, అవి వేసుకుంటే వేళ్ళకి స్పర్శ పోయి పేజీలు చిరుగుతాయి. చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుంటే చాలు. మల్లెనూనె, కొబ్బరినూనె రాసుకున్న చేత్తో మాత్రం ముట్టుకోవద్దు.

తెరవకముందు

ఎట్టా దొరికిందో అట్టానే ఒక ఫోటో తీయండి, కట్టగా ఉంటే కట్టగానే. ఏ పుస్తకం పక్కన ఏది ఉందన్నది కూడా సమాచారమే: పెద్దబాలశిక్ష, పంచాంగాలు, రైతుకి సంబంధించిన కరపత్రాలు, ఒక డిటెక్టివ్ నవల అన్నీ ఒకే మూటలో ఉంటే ఆ ఇంట్లో ఎవరెవరు చదివేవాళ్ళో కొంత తెలిసిపోతుంది. మూట విప్పి సబ్జెక్టులవారీగా సర్దేశాక ఆ సంగతి మళ్ళీ దొరకదు.

తరవాత అట్టలు, వెన్ను, మూడు అంచులు. అంచుల మీద చూడటం మరవొద్దు. కొన్ని పుస్తకాల్లో పక్క అంచు అంతా తెల్లగానే ఉండి, మధ్యలో ఒక్క చోట మాత్రం నల్లటి చార కనిపిస్తుంది. జనం మళ్ళీ మళ్ళీ తెరిచిన భాగం అదన్నమాట. ఆ చార ఏ పేజీల దగ్గరుందో రాసుకోండి.

తెరిచేటప్పుడు రెండు అట్టల కిందా తువ్వాళ్ళు మడిచి పెట్టి, పుస్తకం ఎంతవరకు తెరుచుకుంటానంటే అంతవరకే తెరవాలి. ఫోటో కోసం వెన్ను మీద అరచెయ్యి పెట్టి నొక్కేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మధ్యలో ఏమైనా ఉంటే, అంటే బస్సు టికెట్టో, నెమలీకో, శుభలేఖో, అది ఏ పేజీల మధ్య ఉందో రాసి, ఫోటో తీసి, ఆ తరవాతే కదిలించండి.

ముఖపత్రాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాయడం

పుస్తకం పేరు, రచయిత పేరు రాసుకుంటే సరిపోదు. ముఖపత్రం (అట్ట లోపల పుస్తకం పేరుండే పేజీ) మీద ఉన్న ప్రతి అక్షరాన్నీ, ఏ పంక్తిలో ఉన్నది ఆ పంక్తిలోనే, అరసున్నలూ బండి ఱలతో సహా ఎక్కించండి. పంక్తి మారిన చోట ఒక నిలువు గీత పెట్టుకుంటే చాలు. తప్పుగా అచ్చయితే తప్పుగానే రాయండి, మీరు దిద్దకండి. రెండు ముద్రణల తేడా పట్టుకోవడానికి చాలాసార్లు ఆ తప్పే పనికొస్తుంది. రేఫ (పొల్లు ర్) బదులు అక్షరం పక్కన తెలుగు తొమ్మిది అంకె (౯) లాంటి గుర్తు కనిపిస్తే కంగారుపడొద్దు, అది వలపలగిలక, పాత అచ్చులో మామూలే.

రచయిత పేరు కంటే కింద చిన్న అక్షరాల్లో ఉన్నవే ఎక్కువ మాట్లాడతాయి: ముద్రాక్షరశాల పేరు, ఊరు, ఎవరి ఖర్చుతో అచ్చయింది, ఎన్ని ప్రతులు, వెల ఎంత. 1867 నాటి 25వ చట్టం వచ్చాక అచ్చేసినవాళ్ళ పేరు, ఊరు పుస్తకం మీద వెయ్యడం తప్పనిసరి అయింది, పాత పుస్తకాల్లో ఆ చట్టం నంబరే కనిపిస్తుంటుంది. ఆ చట్టం ప్రకారమే ప్రభుత్వం మూడు నెలలకోసారి రిజిస్టరైన పుస్తకాల జాబితా వేసేది. మీ ప్రతిలో ముఖపత్రం చిరిగిపోయినా ఆ జాబితాల్లో వెతుక్కోవచ్చు.

జమీందారుకో రాజావారికో అంకితమిచ్చిన పుస్తకమైతే (వెంకటగిరి సంస్థానం మన పక్కనే కదా) అంకిత పద్యాలు విసుగనిపించినా దాటెయ్యొద్దు. డబ్బు ఎవరు పెట్టారో అక్కడుంటుంది. కొన్నిట్లో చందాదారుల పట్టిక కూడా ఉంటుంది. పేరు, ఊరు, ఉద్యోగం, ఎన్ని ప్రతులు కొన్నారు అన్నీ ఉంటాయి. ఆ కాలంలో ఏ ఊళ్ళో పుస్తకాలు కొనేవాళ్ళు ఎవరని అడిగితే ఇంతకంటే మంచి ఆధారం నాకు కనబళ్ళేదు.

తేదీ తేల్చడం

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే.

ఇంగ్లీషు సంవత్సరం ఉంటే గొడవే లేదు. శాలివాహన శకం ఉంటే 78 కలపండి. శకం 1809 అంటే 1887. సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే అది అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది. ప్రభవ 1867లో, 1927లో, 1987లో మొదలైందని గుర్తుపెట్టుకుంటే మిగతావి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సర్వజిత్తు ఇరవై ఒకటోది కాబట్టి 1887 లేదా 1947. నెల కూడా చూడాలి. సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కనక సర్వజిత్తు మాఘమాసం అంటే 1888 లేదా 1948 అవుతుంది. ఒక ఏడాది తేడా వచ్చిన గ్రంథసూచికలు కొన్ని ఇందువల్లే అట్టా తయారయ్యాయి.

అరవై ఏళ్ళ చక్రంలో ఏది మనదో తేల్చడానికి వెల పనికొస్తుంది. రు. 1-4-0 అని మూడు అంకెల్లో ఉంటే రూపాయి, అణాలు, పైల (అణాలో పన్నెండో వంతు) లెక్క. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, కాబట్టి అణాల వెల వేసింది దాదాపుగా అంతకుముందుదే. "న.పై." (నయాపైసలు) అని ఉంటే 1957కీ 1964కీ మధ్య. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 తరవాత. ఇవన్నీ ముద్రకైనా, పుస్తకాల షాపు చీటీకైనా, లైబ్రరీ స్టాంపుకైనా పనిచేసే లెక్కలే. కాకపోతే స్టాంపు తేదీ పుస్తకం తేదీ కాదు, అది ఆ ప్రతి ఆ చోటికి చేరిన కాలం.

మన జిల్లాలవాళ్ళకి ఇంకో వెసులుబాటు ఉంది: జిల్లాల గీతలు ఇన్నిసార్లు మారడం. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉంది, అప్పుడు కొత్తగా పుట్టిన గుంటూరు జిల్లాలోకి వెళ్ళింది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడింది, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నించీ, అద్దంకి, చీరాల, ఒంగోలు గుంటూరు నించీ, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నించీ వచ్చి కలిశాయి. 1972లో ప్రకాశం జిల్లా అన్న పేరొచ్చింది. అంచేత రబ్బరు ముద్ర మీద "ఒంగోలు, గుంటూరు జిల్లా" అని ఉంటే 1904కీ 1970కీ మధ్య వేసింది. "మార్కాపురం, కర్నూలు జిల్లా" అంటే 1970కి ముందు. "ఒంగోలు జిల్లా" అని ఉంటే రెండు మూడేళ్ళ సందులోకి వచ్చేస్తుంది, అలాంటి ముద్ర దొరికితే నాకు పండగే. ఒక్క కందుకూరుతో జాగ్రత్త, అది 2022లో మళ్ళీ నెల్లూరు జిల్లాలో కలిసింది. అయితే కొత్త ముద్రకీ పాత ముద్రకీ సిరా చూస్తేనే తెలిసిపోతుంది.

ఫారాలు లెక్కపెట్టడం

పేజీ నంబర్లు నమ్మొద్దు. అచ్చాఫీసులో పుస్తకం పేజీలుగా పుట్టదు, ఫారాలుగా పుడుతుంది. పెద్ద షీటు రెండువైపులా అచ్చేసి, మడిచి, కుట్టి, అంచులు కోస్తారు. డెమ్మీ అనే సైజు షీటుని ఎనిమిది ఆకులుగా మడిస్తే పదహారు పేజీల ఫారం. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున, ఎడమ పక్కనో కుడి పక్కనో, చిన్న అంకె కనిపిస్తుంది. పదహారు పేజీల ఫారమైతే 17, 33, 49, 65 పేజీల కింద 2, 3, 4, 5 అని ఉంటాయి. ఎనిమిది పేజీల ఫారమైతే 9, 17, 25 కింద. మొదట్లో పీఠిక వేరే అంకెలతో ఉందంటే, దాన్ని చివర్లో అచ్చేసి ముందు కలిపి ఉండొచ్చు.

ఈ లెక్క ఎందుకంటే, ఒక ఆకు పోయిందా, లేక మొదటినించీ లేదా అన్నది దీనితోనే తేలుతుంది. ఫారంలో పదహారుకి పద్నాలుగు పేజీలే ఉండి, కుట్టు దగ్గర సన్నటి కాగితం అంచు మిగిలి ఉంటే ఎవరో ఆకు కోసేశారు. పేజీలు పదహారూ ఉండి ఆ అంచుకి వేరే ఆకు అతికి ఉంటే, తప్పు పేజీ తీసేసి కొత్తది అతికించారు. రెండోదైతే మీ అదృష్టం, పక్క లైబ్రరీలో ఉన్న ఇంకో ప్రతిలో పాత పేజీ ఉండే అవకాశముంది.

కొలతలు సెంటీమీటర్లలో రాయండి. డెమ్మీ ఎనిమిదో వంతు సుమారు 22 బై 14, క్రౌను అనే చిన్న సైజు అయితే 19 బై 13 దగ్గర. తక్కువొచ్చిందంటే మళ్ళీ బైండింగు చేసినప్పుడు అంచులు కోశారన్నమాట. మార్జిన్లో రాసిన నోట్సు సగం తెగి ఉంటే ఇక అనుమానమే లేదు.

అచ్చు, కాగితం, కుట్టు

పేజీ వెనక్కి తిప్పి వేలి కొసతో మెల్లగా తడమండి. అక్షరాల గరుకు తగిలితే అది సీసపు అక్షరాల అచ్చు. గదిలో లైటు ఆర్పి టార్చిని పేజీకి పక్కనించి, దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకుంటే ఆ గుంటలు నీడలతో సహా కనిపిస్తాయి. చదునుగా ఉంటే ఆఫ్‌సెట్ (అక్షరం గుచ్చుకోని చదును అచ్చు) అయ్యుండొచ్చు. ఫలానా ఒత్తు ప్రతిసారీ ఒకే చోట విరిగి కనిపిస్తోందా చూడండి. అదే విరిగిన ఒత్తు ఇంకో పుస్తకంలో దొరికితే రెండూ ఒకే అచ్చాఫీసులోవి అనడానికి ఆధారం అవుతుంది. ఒక పేజీలో సగం నించీ అక్షరం మారిపోతే ఆ సైజు టైపు అయిపోయి వేరే కేసు (అక్షరాల పెట్టె) లోంచి తీశారని అర్థం, చిన్న ఊళ్ళ ప్రెస్సుల్లో ఇది మామూలే.

కాగితం వెలుతురుకి ఎత్తి చూస్తే నీటిగుర్తు, గీతలు కనిపించొచ్చు, ఉంటే రాసుకోండి. అంచుల నించి లోపలికి గోధుమరంగు పాకుతూ, ముట్టుకుంటే పెళుసుగా విరుగుతోందంటే కలపగుజ్జు కాగితం, దాని ఆమ్లమే దాన్ని తింటోంది. అలాంటి పుస్తకాన్ని ఫోటోలు తీయడం వాయిదా వెయ్యొద్దు.

బైండింగు విడిపోయి ఉంటే విచారించకండి, లోపల చూడటానికి అదే అవకాశం. ఊళ్ళ బైండర్లు వెన్ను లోపల, అట్ట లోపల పాత పేపర్లు, చెత్తబుట్టలో పడాల్సిన ప్రూఫు కాగితాలు అతికించేవాళ్ళు. ఆ పేపరు ముక్క మీద తేదీ కనిపిస్తే బైండింగు ఆ తేదీకి తరవాతదే అని ఖాయం. మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవాళ్ళు, జిగురు కాస్త పచ్చగా నీలంగా ఉంటే అదే. విషం కాబట్టి ఆ చేత్తో ఏమీ తినొద్దు.

మాసపత్రికల్లో విడతలుగా వచ్చిన కావ్యాల సంగతి వేరు. కొన్నవాళ్ళు ఏ కావ్యానికి ఆ కావ్యం విడదీసి బైండు చేయించుకుని, పై అట్టలు పారేసేవాళ్ళు. ఏ నెల సంచికలో ఏ భాగం వచ్చిందో, అట్ట మీద ఏ ప్రకటనలున్నాయో అంతటితో పోయింది. అట్టలతో సహా ఉన్న ఒక్క విడి సంచిక దొరికినా, చక్కటి తోలు బైండింగు కంటే దాన్నే భద్రంగా చూస్తాను.

మనుషుల ఆనవాళ్ళు

నిజం చెప్పాలంటే నాకు ఇష్టమైన భాగం ఇదే.

కనిగిరి వైపు ఒక ఇంట్లో చూసిన విరాటపర్వం సంగతి చెప్తా. తిక్కన గారి విరాటపర్వం పారాయణ చేస్తే వానలు పడతాయని మన నమ్మకం, కనిగిరి లాంటి మెట్ట ప్రాంతంలో ఆ నమ్మకానికి ఎంత పనుంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ ప్రతికి ముఖపత్రం లేదు. మొదటి ఆకు మూలల్లో కుంకుమ ఎండి గట్టిపడి ఉంది, కొన్ని పేజీల మీద దీపపు నూనె పడి కాగితం అద్దంలా అయింది. వెనక అట్ట లోపలివైపు ఒకే చేతిరాతలో ఒకదాని కింద ఒకటి: విక్రమ, ఖర, నందన, వికారి. ఒక్కోదాని పక్కన నెల, తిథి. రెండిటి పక్కన మాత్రం "వాన" అని, ఇంకేమీ లేదు. విక్రమ 1880 కావొచ్చు, 1940 కావొచ్చు. అయితే చివరిదైన వికారి బాల్‌పెన్నుతో రాసి ఉంది, 1899లో బాల్‌పెన్ను ఎక్కడిది? కనక అది 1959, చేతిరాత ఒకటే కాబట్టి మొదటిది 1940. చివరి పేజీలోని ప్రకటనల్లో వెలలన్నీ అణాల్లో ఉన్నాయి, అదీ సరిపోయింది. ముఖపత్రం లేని పుస్తకం ఇరవై ఏళ్ళ పాటు ఎందుకు, ఎప్పుడు తెరిచారో చెప్పేసింది.

ఇలాంటివి వెతకండి: సంతకాలు, "బహుమతి" అని రాసిన స్కూలు చీటీలు, పిల్లలు పుట్టిన ఘడియలు, పారాయణ మొదలుపెట్టిన రోజులు, అప్పుల లెక్కలు, ఒకరు రాసింది ఇంకొకరు కొట్టేసిన గీతలు. లైబ్రరీ పుస్తకమైతే అక్సెషన్ నంబరు (లైబ్రరీ రిజిస్టరులో ఆ ప్రతి నంబరు), ఎవరిచ్చిన విరాళమో, వెనక తేదీల చీటీలో ఎన్ని ముద్రలు పడ్డాయో. ఏ పేజీల ఆకులు ఇంకా కత్తిరించకుండా అతుక్కునే ఉన్నాయో కూడా. ఆ భాగం ఎవరూ చదవలేదని రుజువు, పాఠకుల గురించి రాసేవాళ్ళకి అది చదివినదాని గుర్తులంత విలువైనదే.

ఈ గుర్తుల్ని మురికి అనుకుని రబ్బరుతో తుడిచేవాళ్ళున్నారు. దయచేసి వద్దు.

ఒక జాగ్రత్త: బతికున్న కుటుంబాల అప్పులు, జాతకాలు, గొడవలు రాసి ఉంటే వాటిని ఎక్కడైనా పెట్టేముందు ఆ ఇంటివాళ్ళని అడగాలి.

రికార్డు రాయడం

పెద్ద ఫారం ఏమీ వద్దు, ఒక పేరాగ్రాఫు చాలు. పై పుస్తకానికి నేను రాసేది ఇట్టా ఉంటుంది: "విరాటపర్వం, తెలుగు, ముఖపత్రం లేదు. 21.2 బై 13.6 సెం.మీ., అంచులు కోసినవి. పదహారు పేజీల ఫారాలు, మొదటి ఫారంలో రెండు ఆకులు లేవు. సీసపు అచ్చు. కాలికో గుడ్డ వెన్ను, అట్ట బైండింగు, అసలుది కాదు. మొదట మిగిలిన ఆకు మూలల్లో కుంకుమ. వెనక అట్ట లోపల పారాయణ సంవత్సరాలు నాలుగు, ఒకే చేయి, మూడు పెన్సిలు, ఒకటి బాల్‌పెన్ను. ప్రకటనల వెలలు అణాల్లో." చూసినదాన్ని ఒక చోట, ఊహించినదాన్ని వేరే పేరాలో రాయండి. రెండూ కలిస్తే పదేళ్ళ తరవాత మీకే ఏది ఏదో తెలీదు.

ఆ తరవాత ఇంకో ప్రతి కోసం వెతకండి. వేటపాలెం వెళ్ళండి, జిల్లా గ్రంథాలయాల్లో అడగండి, స్కాన్ ఉంటే అది కూడా ఒక ప్రతి కిందే లెక్క. రెండిట్నీ పక్కపక్కన పెట్టి ఫారాల అంకెలు, తప్పొప్పుల పట్టిక, వెల, అక్షరాల విరుగుళ్ళు పోల్చండి. "ద్వితీయ ముద్రణ" అని అచ్చులో ఉన్నా పాత ఫారాలకే కొత్త ముఖపత్రం తగిలించి అమ్మినవీ ఉంటాయి.

తాటాకు కట్ట దొరికితే

ముందు దారం విప్పొద్దు. ఆకులు అతుక్కుని ఉంటే బలవంతంగా లాగొద్దు, నీళ్ళు, కిరసనాయిలు, వంటనూనె ఏవీ రాయొద్దు. విడిగా ఉంటేనే ఒక్కో ఆకు రెండు చేతులతో పట్టుకుని, ఎడమ మార్జిన్లో ఉన్న ఆకు అంకె రాసుకుంటూ వరసగా ఫోటోలు తీయండి. ఆకుల వరస చెడి ఉన్నా ఉన్న వరసలోనే తీయాలి. చివరి ఆకుని రెండుసార్లు తీయండి, రాసినవారి పేరు, ఊరు, సంవత్సరం, నకలు ఎవరికోసం రాశారన్నది అక్కడ ఉండే అవకాశం ఎక్కువ. "యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా" అనే మాట కనిపిస్తే అది కవి మాట కాదు, నకలు రాసినాయన ముందుజాగ్రత్త: చూసిన పుస్తకంలో ఎట్టా ఉందో అట్టానే రాశా, తప్పులుంటే నాది పూచీ కాదని. గంటంతో గీసిన గీతల్లో నలుపు పోయి అక్షరాలు కనబడకపోతే పక్కనించి టార్చి వేస్తే చాలావరకు చదవొచ్చు, మసి పులమడం మీరు చెయ్యొద్దు. చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం లాంటి చోట్ల ఆ పని తెలిసినవాళ్ళుంటారు.

దాచడం, ఇచ్చెయ్యడం

సెల్లోటేపు వెయ్యొద్దు, లామినేషన్ అసలే వద్దు. గోడకి ఆనించకుండా, నేలకి జానెడు ఎత్తున, గాలి ఆడేచోట పెట్టండి. మన తీరంలో కార్తీకం వానలకి పుస్తకాలు తడిస్తే ఎండలో పెట్టకూడదు, నీడలో ఫ్యాను కింద, ఆకుల మధ్య తెల్ల కాగితం పెట్టి మారుస్తూ ఆరబెట్టాలి. మెరుపు కాగితం పుస్తకాలైతే ఆకులు అతుక్కోకముందే ఆ పని చెయ్యాలి.

లైబ్రరీకి ఇచ్చేస్తుంటే మూడు ప్రశ్నలు అడగండి: మళ్ళీ బైండు చేస్తారా, చేస్తే పాత అట్టలు కవరులో పెట్టి అదే నంబరుతో ఉంచుతారా, మొదటి ఆకు మీద కాకుండా వెనక ఎక్కడైనా ముద్ర వేస్తారా. మీరు రాసిన పేరాగ్రాఫు ప్రింటు తీసి పుస్తకంతోపాటు ఇవ్వండి, కానీ లోపల పిన్నుతో గుచ్చొద్దు, తుప్పు పడుతుంది. ఫోటోల ఫైళ్ళకి పుస్తకం పేరు, పేజీ నంబరు, తీసిన తేదీ పెట్టి రెండు చోట్ల దాచుకోండి. వాట్సాప్‌లో పంపితే ఫోటో కుదించుకుపోయి పెన్సిలు రాతలు కనబడవు, కాబట్టి డాక్యుమెంటుగా పంపండి.